బ్యాంకు చెక్కు: అరబ్బీ ‘సక్క్’ నుంచి వచ్చిందా, చదరంగంలోంచా?

బందరు_బుల్లోడు:
మా వాట్సాప్ గ్రూపులో రెండు రోజులుగా ఇదే గొడవ. బ్యాంకు చెక్కు అనే ఇంగ్లిష్ మాట అరబ్బీ ‘సక్క్’ నుంచి వచ్చిందని ఒకాయన గట్టిగా చెబుతున్నారు. సక్క్ అంటే డబ్బు బాకీ గురించో చెల్లింపు గురించో రాసిచ్చే పత్రం. అర్థం కుదిరింది, పలకడమూ దగ్గరగానే ఉంది. నిఘంటువులేమో చదరంగంలో రాజుకి చెప్పే చెక్కే దీనికి మూలం అంటున్నాయి. చదరంగానికీ బ్యాంకుకీ ఏం సంబంధమండీ? చెక్ చేయడం, చెక్‌పోస్టు, చెక్‌డ్యామ్, చెక్స్ చొక్కా ఇవన్నీ ఒకే మాటేనా? నాకైతే సక్క్ వాదనే నమ్మేలా ఉంది.

గల్ఫ్_గాలి:
నా ఓటు కూడా సక్క్‌కే. పదో శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ హౌకల్, సహారా దక్షిణ అంచున ఉన్న ఔదగుస్త్ వర్తకుడి పేరు మీద ఉన్న 42,000 దీనార్ల సక్క్ గురించి రాశాడు. అప్పటికి ఇంగ్లండులో బ్యాంకులే లేవు. కాగితం వీళ్లది అయినప్పుడు పేరు ఇంకెవరిది అవుతుంది?

పాతలెక్కల_మాస్టారు:
ఎందుకు కాకూడదు? మనం మిరపకాయ అంటాం. ఆ కాయ అమెరికా ఖండం నుంచి వచ్చింది, పేరు అక్కడిది కాదు. సక్క్ ఉండేదని నేనూ ఒప్పుకుంటాను. ఆ మాట ఇంగ్లిష్‌లోకి ఎప్పుడు, ఏ దారిన వచ్చిందో చూపించమనే నా గోల.

ఇంగ్లండులో మిగిలిన పాత చేతిరాత చెక్కుల్లో ఒకటి 1659 నాటిది. క్లేటన్ అండ్ మోరిస్ అనే లండన్ సంస్థ మీద 400 పౌన్లకి రాసింది. అలాంటి కాగితాన్ని అప్పట్లో ‘డ్రాన్ నోట్’ అనేవాళ్లు. సక్క్ అనే మాట క్రూసేడుల (11-13 శతాబ్దాల మతయుద్ధాల) కాలంలోనే దిగుమతి అయిందంటారు కదా, మరి అన్ని వందల ఏళ్లు ఎక్కడ దాక్కుంది? డబ్బు కాగితాల దగ్గర చెక్ అనే పేరు 18వ శతాబ్దం మొదట్లో కనిపిస్తుంది. అదీ చెల్లింపు కాగితానికి కాదు, కౌంటర్ ఫాయిల్‌కి, అంటే ఇచ్చినవాళ్ల దగ్గర మిగిలే ముక్కకి! ఎవడైనా దొంగ కాగితం పట్టుకొస్తే దీనితో సరిచూసి పట్టుకోవచ్చు. అక్కడి చెక్‌కి అర్థం తనిఖీ. తర్వాత కౌంటర్ ఫాయిల్ ఉన్న కాగితాన్నే చెక్ అన్నారు, పోనుపోను చెల్లింపు కాగితాలన్నిటికీ అదే పేరు పడింది.

ఇక చదరంగం సంగతి. పారసీలో షా అంటే రాజు. ఎదుటివాడి రాజు మీదకి పావు వెళ్తే ‘షా’ అని హెచ్చరించేవాళ్లు. ఆ మాట అరబ్బీ, లాటిన్ మీదుగా పాత ఫ్రెంచికి చేరి, ఇంగ్లిష్‌లో చెక్ అయింది. ఫ్రెంచిలో దాని బహువచనం నుంచే చెస్ అనే పేరు కూడా వచ్చింది. చెక్ చెప్పాక మీ ఎత్తులన్నీ పక్కన పెట్టి రాజు సంగతి చూసుకోవాల్సిందే. అలా అడ్డుకోవడం, అదుపు చేయడం అనే అర్థాలు వచ్చాయి. చెక్‌డ్యామ్ అక్కడిది. అదుపులో పెట్టాలంటే సరిచూడాలి కాబట్టి తనిఖీ ఆ తర్వాత చేరింది. చొక్కా మీద చెక్స్ అయితే చదరంగం బల్ల గళ్లే.

రిటైర్డ్_క్యాషియర్:
మూలం అరబ్బీ అయినా పారసీ అయినా ఖాతాలో డబ్బు లేకుండా చెక్కు ఇస్తే మన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు 😀 చట్టం 1881 నాటిది, ఈ సెక్షన్ 1988లో చేర్చారు. సరే, మీరు కానివ్వండి.

బందరు_బుల్లోడు:
మాస్టారూ, కౌంటర్ ఫాయిల్ ముక్క బాగుంది. కానీ ఇంగ్లండు వాళ్లు బ్యాంకు చెక్కుకి వేరే స్పెల్లింగ్ (check కాదు, cheque) రాస్తారు కదా. ఒకే మాటైతే రెండు రాతలెందుకు?

డాలస్_తెలుగోడు:
ఇక్కడ అమెరికాలో రెండిటికీ ఒకటే స్పెల్లింగ్. బ్యాంకులో ఇచ్చేదీ చెక్, హోటల్లో తిన్నాక వచ్చే బిల్లూ చెక్, ఫారమ్‌లో పెట్టే టిక్కూ చెక్ మార్కే. వచ్చిన కొత్తలో వెయిటర్ ‘చెక్ తీసుకురానా’ అంటే, నేనివ్వాల్సింది ఈయన తెస్తాడేంటి అనుకున్నా.

పాతలెక్కల_మాస్టారు:
బుల్లోడు గారూ, ఆ స్పెల్లింగ్ తర్వాత చేసిన అలంకారం. 19వ శతాబ్దంలో గిల్బార్ట్ అనే లండన్ బ్యాంకరు, ‘చాలామంది మామూలు చెక్ లాగే రాస్తున్నారు, నేను మాత్రం తికమక లేకుండా ఎక్స్‌చెకర్‌ని (exchequer) పోలిన రాత వాడుతున్నాను’ అనే అర్థంలో రాశాడు.

ఎక్స్‌చెకర్ అంటే ఇంగ్లండు రాజు ఖజానా. దానికా పేరు ఎలా వచ్చిందో వింటే చదరంగానికీ డబ్బుకీ సంబంధం ఏమిటని ఇంక అడగరు. 12వ శతాబ్దంలో ఆ ఖజానాలో 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు బల్ల ఉండేది. దాని మీద గీతల నల్ల గుడ్డ. ఏడాదికి రెండుసార్లు షెరీఫులు (జిల్లాల్లో రాజు అధికారులు) వచ్చి వసూళ్ల లెక్క చెప్పాలి. రోమన్ అంకెలతో కాగితం మీద కూడికలు చేయడం నరకం. అందుకని పెన్నీలకొక వరస, షిల్లింగులకొక వరస, పౌన్లకొక వరస చొప్పున గుడ్డ మీద బిళ్లలు పేర్చేవాళ్లు. ఖజానా అధికారికీ షెరీఫుకీ మధ్య జరిగేది చదరంగం పోరులాంటిదేనని ఆ పదవి చేసిన రిచర్డ్ ఫిట్జ్‌నీల్ స్వయంగా రాశాడు. పాపం ఆ షెరీఫుల టెన్షన్ ఊహించుకోండి. చదరంగం బల్లకి ఫ్రెంచిలో ఉన్న పేరే ఆ బల్లకీ, దాన్నుంచి ఖజానాకీ వచ్చింది. బ్రిటన్ ఆర్థికమంత్రిని ఇప్పటికీ ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అనే పిలుస్తారు.

మన పత్రికలూ ఇంచుమించు గిల్బార్ట్ పనే చేస్తున్నాయి, గమనించారా? బ్యాంకుదైతే ‘చెక్కు’ అని రాస్తారు, రాజకీయమైతే ‘ప్రత్యర్థికి చెక్’ అంటారు.

అల్లరి_అల్లుడు:
అయితే ‘చెక్కు చెదరకుండా’ కూడా ఇంగ్లిష్ వాడిదేనా మాస్టారూ?

రిటైర్డ్_క్యాషియర్:
కాదు నాయనా, అది అచ్చ తెలుగు. దోసకాయ చెక్కు తీస్తాం చూడు, ఆ చెక్కు. పైపొర కూడా కదలకుండా అని. పలకడం ఒకటే అయినంత మాత్రాన చుట్టరికం కలిపేస్తే చెక్ రిపబ్లిక్‌కి కూడా మన బ్యాంకు బ్రాంచి పెట్టాలి.

గల్ఫ్_గాలి:
సరే, నాకు సక్క్‌ని ఇంగ్లండు దాకా నడిపించే దారి దొరకలేదు. కానీ ఒక మాట. అరబ్బీ సక్క్ కూడా పారసీ ‘చక్’ నుంచి వచ్చిందని పండితులంటారు, చక్ అంటే దస్తావేజు. షా ఎలాగూ పారసీయే. అంటే ఎటు తిరిగినా ఇరాన్‌లోనే తేలతాం. పోనీ చెక్‌మేట్‌లో మేట్ అయినా మా అరబ్బులకి వదిలేయండి. అరబ్బీలో ‘మాత’ అంటే చనిపోయాడు. రాజు చచ్చాడు, ఆట అయిపోయింది.

పాతలెక్కల_మాస్టారు:
అది నిజంగానే తెగని తగువు. పారసీలో ‘మాత్’ అంటే దిక్కుతోచక నిలబడిపోయినవాడు. నేను అటే మొగ్గుతాను. ఎందుకంటే ఆటలో మిగతా పావులన్నిటినీ చంపుతాం కానీ రాజుని చంపం. కదలడానికి గడి లేకుండా చేస్తాం, అంతే.

గల్ఫ్_గాలి:
ఒక్క మాట కూడా మిగల్చరన్నమాట!