దేవరకొండ నుంచి సినిమాల్లోకి: ఏజెంటును ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న (దేవరకొండ కుర్రాడు)
అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. నల్లగొండలో డిగ్రీ చదువుతూ కాలేజీలో నాటకాలు వేశాను. స్నేహితులు తీసిన షార్ట్ ఫిల్ముల్లోనూ నటించాను. హాలీవుడ్ నటులు ఇంటర్వ్యూల్లో ‘మా ఏజెంటు ఫోన్ చేశాడు, వేషం వచ్చింది’ అంటుంటారు. మన దగ్గర అలాంటి ఏజెంటు ఎక్కడ దొరుకుతాడు? ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకాయన రిజిస్ట్రేషన్, ఫొటోలు అన్నీ కలిపి ముప్పై అయిదు వేలు కడితే హీరో స్నేహితుడి వేషం ఖాయమంటున్నాడు. పత్తి అమ్మిన డబ్బు ఇంట్లో ఉంది. నాన్నను అడగమంటారా?

జవాబు (జడ్చర్ల వాసి)
అడగవద్దు తమ్ముడూ. ఆ డబ్బుతో వచ్చే పంటకు విత్తనాలు కొనుక్కోమను.

జవాబు (మిర్యాలగూడ పాత కాపు)
నేను కో-డైరెక్టర్‌గా, అంటే దర్శకుడికి ముఖ్య సహాయకుడిగా, చాలా కాలం పనిచేసి ఈ మధ్యే మానేశాను. కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను, ఓపిక పట్టు.

నువ్వు చూసిన ఇంటర్వ్యూల్లోని ఏజెంటు వేరు, హైదరాబాద్‌లో సినిమా పనివాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణానగర్‌లో ఏజెంటు అని పిలిచే మనిషి వేరు. ఇక్కడి ఏజెంటు పెళ్లి సీనుకు, కాలేజీ సీనుకు జూనియర్ ఆర్టిస్టులను సరఫరా చేస్తాడు, వాళ్ల రోజు కూలిలో కమీషన్ తీసుకుంటాడు. అది గౌరవమైన పనే. కానీ గుంపులో నిలబడినవాడికి అక్కడి నుంచి మాటలున్న వేషం రావడం అరుదు. అమెరికాలో ఏజెంటు నటుడి సంపాదనలో సాధారణంగా పది శాతం తీసుకుంటాడు. కాలిఫోర్నియాలో అయితే ఏజెన్సీకి లైసెన్సు ఉండాలి, రిజిస్ట్రేషన్ ఫీజు వసూలు చేయడం చట్టవిరుద్ధం. నీ ఇన్‌స్టాగ్రామ్ పెద్దమనిషి అక్కడ ఉంటే ఏమయ్యేవాడో ఊహించుకో!

మన దగ్గర చిన్న వేషాలకు మనుషులను వెతికేది కో-డైరెక్టర్, అసోసియేట్ డైరెక్టర్లు. ఈమధ్య కాస్టింగ్ డైరెక్టర్లు కూడా వచ్చారు. వాళ్లకు జీతం ఇచ్చేది నిర్మాత, నటుడు కాదు. నీకు నచ్చిన చిన్న సినిమాల టైటిల్స్ ఆపి ఆపి చూడు, ఆ పేర్లు రాసుకో. వాళ్ల అధికారిక పేజీల్లో ప్రకటన వచ్చినప్పుడే పంపు. రోజూ ‘హాయ్ సార్’ అని మెసేజ్ పెట్టేవాళ్ల నంబరు మేము ఏ పేరుతో దాచుకునేవాళ్లమో చెబితే బాధపడతావు.

పంపాల్సింది ఇంతే. ముఖం దగ్గరగా ఒక ఫొటో, పక్కవాటుగా ఒకటి, నిలువెత్తుది ఒకటి. ఫిల్టర్ వద్దు, నల్ల కళ్లద్దాలు అసలే వద్దు. పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు చెబుతూ చిన్న వీడియో. దానితోపాటు ఒక నిమిషం నటన. పెద్ద హీరోల డైలాగులు చెప్పకు. వాటిని హీరోలే బాగా చెప్పారు. రేషన్ దుకాణం దగ్గర గొడవపడే మనిషిని చెయ్యి, చివరి బస్సు పోయాక డిపోలో నిలబడ్డ మనిషిని చెయ్యి. అలాంటిది వస్తే మేము వీడియో చివరిదాకా చూసేవాళ్లం.

జవాబు (వనపర్తి ఆడపడుచు)
అన్న చెప్పింది నిజం. నేను సీరియళ్లలో చేస్తున్నాను. నాకు మేనేజర్ దొరికింది వరుసగా పని వచ్చాకే. డేట్లు కుదర్చడం, పారితోషికం మాట్లాడటం, రావాల్సిన బాకీ వసూలు చేయడం ఆయన పని. అందుకు పది శాతం, అదీ డబ్బు నా ఖాతాలో పడ్డాకే. ఒప్పందం కాగితం మీద ఉంది. ఎన్నేళ్లకో, ఎలా రద్దు చేసుకోవచ్చో చదివే సంతకం పెట్టాను. అమ్మాయిలు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కమాట. ఆడిషన్ పగటి పూట, ఆఫీసులో జరగాలి. హోటల్ గదికి రమ్మంటే అది ఆడిషన్ కాదు. తోడుగా అమ్మనో అన్ననో తీసుకెళ్తానంటే విసుక్కున్న చోటికి నేను మళ్లీ వెళ్లలేదు.

ప్రశ్న (దేవరకొండ కుర్రాడు)
ధన్యవాదాలు అన్నా, అక్కా. ఇంకో రెండు సందేహాలు. హైదరాబాద్‌కు మకాం మార్చాలా? మన యాస మార్చుకోవాలా?

జవాబు (మిర్యాలగూడ పాత కాపు)
మకాం ఇప్పుడే ఎందుకు? కోదాడ దగ్గర గుడిబండలో పుట్టిన నటుడు కాంతారావు గారి కాలంలో సినిమా అంటే మద్రాసు, ఇల్లు విడిచిపోక తప్పేది కాదు. నీకు పిలుపు వస్తే పొద్దున బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగు. మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే యూసుఫ్‌గూడ స్టేషన్, అక్కడి నుంచి కృష్ణానగర్ పక్కనే. పిలుపు లేకుండా అక్కడ గది తీసుకుంటే అద్దె ఒక్కటే నెలనెలా తప్పకుండా పిలుస్తుంది.

యాసను పారేసుకోకు, ఇప్పుడు దాన్ని అడిగి మరీ తీసుకుంటున్నారు. కాకపోతే పుస్తకాల తెలుగు కూడా తడబడకుండా పలకాలి, కాబట్టి రోజూ దినపత్రిక పైకి చదువు. ఇంకా చదువుకునే ఓపిక ఉంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ తెలుగు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళల పీజీ ఉంది. అక్కడ పరిచయమైన దర్శకులు, రచయితలు రేపు నీకు ఏ ఏజెంటుకన్నా ఎక్కువ ఉపయోగపడతారు.

దేవరకొండ కుర్రాడు
సరే అన్నా. ఆదివారం పానగల్లు చెరువు కట్ట మీద వీడియో తీస్తాం.

మిర్యాలగూడ పాత కాపు
కట్ట మీద గాలి హోరుకు నీ మాట వినపడదు. ఇంట్లోనే కిటికీకి ఎదురుగా, వెలుతురు ముఖం మీద పడేలా నిలబడు. ఫ్యాను ఆపడం మరిచిపోకు.