అప్‌డేట్: పాత ల్యాప్‌టాప్‌ను పారేయలేదు

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసినందున, 2017లో కొన్న నా ల్యాప్‌టాప్‌ను పక్కన పెట్టాలా అని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను. మీరు చెప్పినట్లు బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి మూల సెట్టింగులలో) విండోస్ 11 అడిగే భద్రతా చిప్ టీపీఎంను ఆన్ చేశాను గాని, ప్రాసెసర్ ఇంటెల్ ఏడో తరానిది కావడంతో విండోస్ 11కు అర్హత లేదనే తేలింది. సికింద్రాబాద్ కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఒక దుకాణదారు మూతైనా తెరవకుండానే ‘కొత్తది తీసుకోండి సార్’ అన్నాడు. పక్క దుకాణంలో పాత హార్డ్ డిస్క్ తీయించి, దానికంటే చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించుకుని, ఇంటికి వచ్చి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. ఇప్పుడు బటన్ నొక్కి చాయ్ గ్లాసు అందుకునేలోపే తెర సిద్ధంగా ఉంటోంది. విండోస్ గేములను లినక్స్ మీద నడిపించే ప్రోటాన్ పుణ్యమా అని, గేముల ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లోని నా విండోస్ గేములు చాలావరకు నడుస్తున్నాయి. వాలరెంట్ గేమ్ మాత్రం, దాని యాంటీ చీట్ (ఆటలో మోసాలను పట్టే ప్రోగ్రామ్) లినక్స్‌ను ఒప్పుకోదు కాబట్టి, నడవదు. ఈ విషయంలో మా తమ్ముడి అలక ఇంకా తీరలేదు.