స్లైడర్‌ను ‘జారుడు పట్టీ’ అనొచ్చా?

నల్లగొండ బోరునీళ్ల ఫ్లోరైడ్ లెక్కలతో ఆర్ (లెక్కలకు, పటాలకు వాడే కంప్యూటర్ భాష) పాఠం తెలుగులో తయారైతున్నది. హిస్టోగ్రాం (ఏ కొలతలో ఎన్ని బోర్లున్నయో చూపే బార్ల పటం) కింద స్లైడర్ ఉంటది, దాన్ని కదిపితే పరిమితి గీత కదులుతది. దానికి ‘జారుడు పట్టీ’ అని రాస్తే సరేనా?

పాలమూరు నుంచి: ‘జారుడు’ వద్దన్నా. జారుడంటే దానంతటదే పోవుడు. కాలు జారుతది, పైట జారుతది. స్లైడర్ చెయ్యి పెట్టనిదే కదలదు. ‘మంచం జర ఇటు జరుపు’ అంటం కదా, ఆ జరుపే కావాలె. రాసుడు, చూసుడు లెక్కనే ‘జరుపుడు’. ‘జరుపుడు పట్టీ’ అనుండ్రి.

దేవరకొండ నుంచి: ‘గడియ’ అంటే? తలుపు గడియ గూడ గాడిలోనే జరుగుతది.

పాలమూరు నుంచి: గడియకు రెండే నిలుపులు: పడ్డదా, తీసిందా. అది చెక్‌బాక్స్‌కు నప్పుతది. స్లైడర్‌కు నాలుగు సంగతులు చెప్పాలె: ఎక్కడి నుంచి, ఎక్కడి దాక, మొదట ఎక్కడ నిలవాలె, ఒక్కో జరుపుకు ఎంత అంగ. ఫ్లోరైడ్‌కైతే 0.5 నుంచి 3, మొదట 1.5, అంగ 0.1. తాగునీటి ప్రమాణంలో వేరే నీళ్లు లేనప్పుడు ఒప్పుకునే హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములే గద. మొదటి నిలుపు చెప్పకుంటే మానిప్యులేట్ (పటానికి ఇట్లాంటి పట్టీలు పెట్టే ఆర్ ప్యాకేజీ) 0.5 దగ్గర మొదలుపెడతది, అప్పుడు దాదాపు బోర్లన్నీ హద్దు దాటినట్టు కనబడతయి. గీసే ఆజ్ఞలో ‘హద్దు’ అని పేరు పెడితే స్లైడర్‌కూ అక్షరం తప్పకుండ అదే పేరుండాలె. మానిప్యులేట్ ఆర్‌స్టూడియోలోనే (ఆర్ రాసి నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తది. పట్టీ కనబడకుంటే పటం ఎడమ పై మూలన పళ్లచక్రం గుర్తు నొక్కాలె. వెబ్‌లో పెట్టాలంటే షైనీ అనే వేరే ఆర్ ప్యాకేజీ వాడాలె.

నల్లగొండ నుంచి: బార్ల సంఖ్యకు గూడ పట్టీ పెడితే 10 నుంచి 12కు జరిపినా పటం మారుతలేదు. పట్టీ చెడిందా?

పాలమూరు నుంచి: పట్టీ మంచిగనే ఉంది. హిస్టోగ్రాంకు బ్రేక్స్‌గ (బార్ల అంచులు చెప్పే చోట) ఒక్క అంకె ఇస్తే అది సలహా మాత్రమే. ఆర్ దానికి దగ్గరి గుండ్రటి అంకెలు ఎంచుకుంటది, 10కీ 12కీ అవే రావచ్చు. అంచులన్నీ మనమే ఇయ్యాలె: 0 నుంచి 8 దాక, వెడల్పు 0.5, ఆర్‌లోని ‘సీక్వెన్స్’ (seq) ఆజ్ఞతోని. కొలతల్లో పెద్దది 8 దాటితే మాత్రం కొన్ని విలువలు లెక్కలోకి రాలేదని తప్పు చూపెడతది. సరిగ్గ 1.5 ఉన్న బోరు ఎడమ బారులోకే పోతది, అది పిల్లలకు ముందే చెప్పుండ్రి. నిలువు అక్షానికీ హద్దు కట్టాలె. కట్టకుంటే బారు వెడల్పుకు పట్టీ పెట్టి జరిపినప్పుడల్లా అక్షం దానంతటదే జారుతది, చూసేటోళ్లు నీళ్లే మారినయనుకుంటరు. ‘జారు’ మాటను ఆ తప్పుకే ఉంచుదాం.

దేవరకొండ నుంచి: మరి పికర్‌కు (జాబితాలోంచి ఒకటి ఎంచుకునే పెట్టె) ‘ఏరుడు’ పెడదామా? పత్తి ఏరుడు అందరికీ తెలిసిందే.

పాలమూరు నుంచి: పత్తి ఏరితే చేనంతా ఏరుతం అక్కా. పికర్‌లో ఒక్క మండలమే నిలుస్తది. ‘ఎంచుకునుడు’ మేలు.