కిలోలను పౌండ్లు, ఔన్సుల్లోకి మార్చేటప్పుడు ఎక్కడ రౌండ్ చేయాలి?

ముల్లుసూటి:
రోజూ అవసరమయ్యే తూకాలకు ఒక పట్టిక తయారు చేస్తున్నాను. ఎడమవైపు కిలోలు, గ్రాములు. కుడివైపు పౌండ్లు, ఔన్సులు, మనిషి బరువైతే స్టోన్లు కూడా. చిక్కంతా ఈ కుడివైపు వరుసతోనే. కిలోకు ఒకచోట 2.2 పౌండ్లు అని ఉంటుంది, ఇంకోచోట 2.205, మరోచోట 2.20462. ఔన్సుకైతే 25, 28, 28.35, 30 గ్రాములు అని నాలుగు రకాలు కనిపిస్తున్నాయి. వీటిలో నోటిలెక్కకు ఏది పనికొస్తుంది, పట్టికలో ఏది వేయాలి?

రెండో ప్రశ్న. 3.4 కిలోలను మారిస్తే కాలిక్యులేటర్ 7.4957 పౌండ్లు అంటోంది. దీన్ని పౌండ్లు, ఔన్సులుగా విడగొట్టేటప్పుడు రౌండింగ్ మొదట చేయాలా, చివర చేయాలా?

మూడోది. కిలోలను రెట్టింపు చేసి పదోవంతు కలిపితే పౌండ్లు దాదాపు సరిగ్గానే వస్తున్నాయి. అదే పౌండ్లను సగం చేసి పదోవంతు తీసేస్తే కిలోలు ఎప్పుడూ తక్కువే వస్తున్నాయి. కారణం ఏమిటి?

శేషమెంత:
ముందు అసలు అంకె పట్టుకోండి. పౌండు అంటే 0.45359237 కిలోలు. ఇది కొలిచి తేల్చిన ఉజ్జాయింపు కాదు, నిర్వచనమే. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా కలిసి ఒప్పుకున్న విలువ. దాన్ని 16తో భాగిస్తే ఔన్సు, అంటే 28.349523125 గ్రాములు. 14తో గుణిస్తే స్టోన్, 6.35029318 కిలోలు. మీకు కనిపించిన మిగతా అంకెలన్నీ వీటిని ఎవరి అవసరానికి వాళ్లు కుదించుకున్నవే. పట్టికకు మాత్రం 28.3495 వాడండి, అంతకంటే తగ్గించకండి.

మీ 3.4 కిలోల విషయంలో అసలు పౌండ్ల జోలికే వెళ్లవద్దు. నేరుగా ఔన్సుల్లోకి దిగండి. 3400ను 28.3495తో భాగిస్తే 119.93. ఇక్కడే, ఒక్కసారే, రౌండ్ చేయండి: 120 ఔన్సులు. దాన్ని 16తో భాగిస్తే భాగఫలం 7, శేషం 8. అంటే 7 పౌండ్ల 8 ఔన్సులు.

ముందు పౌండ్లు తీసి, మిగిలిన దశాంశాన్ని తర్వాత ఔన్సులు చేసే పద్ధతిలో రెండు తప్పులు దొర్లుతాయి. ఒకటి అందరికీ తెలిసినదే, 7.5ను 7 పౌండ్ల 5 ఔన్సులుగా చదవడం. అక్కడే 83 గ్రాములు గల్లంతు. పుట్టిన బిడ్డ బరువు రాసేటప్పుడు ఇది చాలా పెద్ద తేడా. రెండోది అంత తేలిగ్గా కంటపడదు. 1814 గ్రాములు తీసుకోండి. 3.9992 పౌండ్లు వస్తుంది. 3 పక్కన పెట్టి 0.9992ను 16తో గుణిస్తే 15.99, రౌండ్ చేస్తే 16. పట్టికలో "3 పౌండ్ల 16 ఔన్సులు" అని పడుతుంది. అలాంటి తూకమే లేదు, 16 ఔన్సులు కాగానే పౌండు మారాలి. మొత్తం ఔన్సుల్లో రౌండ్ చేస్తే 64 వస్తుంది, తిన్నగా 4 పౌండ్లు.

స్టోన్లకూ ఇదే దారి, కాకపోతే అక్కడ చిన్న కొలత పౌండు. 72 కిలోలను 0.45359తో భాగిస్తే 158.73, రౌండ్ చేస్తే 159 పౌండ్లు. 14 చొప్పున 11 స్టోన్లు పోగా 5 పౌండ్లు మిగులుతాయి. కాలిక్యులేటర్‌లో 11.34 స్టోన్లు చూసి 11 స్టోన్ల 3 పౌండ్లు అని రాసుకుంటే కిలోకు దగ్గరగా తేడా పడుతుంది.

పదోవంతు:
మూడో ప్రశ్నకు జవాబు ఇది. పదోవంతు కలపడమంటే 11/10తో గుణించడం. దాన్ని వెనక్కి తిప్పాలంటే తీయాల్సింది పదకొండోవంతు, పదోవంతు కాదు. 150 పౌండ్లు చూడండి. సగం 75, పదోవంతు తీసేస్తే 67.5. అసలు విలువ 68.04. అదే 75లో పదకొండోవంతు, అంటే 6.8 తీస్తే 68.2 వస్తుంది. నోటితో 11తో భాగించడం ఇబ్బంది అనుకుంటే, తీసిన పదోవంతులో మళ్లీ పదోవంతు వెనక్కి కలపండి: 67.5కు 0.75 కలిపితే 68.25. 200 పౌండ్లైతే 100, అందులో 10 తీసి 1 కలిపితే 91. అసలు 90.72. మాటల్లో చెప్పే బరువుకు ఇది చాలు.

కిలోల నుంచి పౌండ్లకు వెళ్లేటప్పుడు "రెట్టింపు, దానికి పదోవంతు" చాలా మంచి సూత్రం. 72 కిలోలకు 144, 14.4 కలిపితే 158.4. అసలు 158.73. తేడా ఎప్పుడూ తక్కువ వైపే ఉంటుంది, వంద కిలోలకు అర పౌండు కంటే కాస్త తక్కువ. కాబట్టి వంద దరిదాపుల్లో ఉంటే అర పౌండు, యాభై దగ్గరుంటే పావు పౌండు వేసుకుంటే లెక్క కుదిరిపోతుంది.

చిన్న తూకాలకు 100 గ్రాములంటే 3.5 ఔన్సులు అనుకోండి. 200కు 7, 250కి 8.8. అర కిలోను పౌండు కింద కట్టేయడం మాత్రం మానుకోవాలి. అర కిలో అంటే పౌండు మీద 46 గ్రాములు ఎక్కువ, 1 పౌండు 1.6 ఔన్సులు.

విమానం సామాను సంగతి వేరు. 23 కిలోలంటే నిజానికి 50.7 పౌండ్లు, 32 కిలోలంటే 70.5. నిబంధనల్లో మాత్రం 50 పౌండ్లు, 70 పౌండ్లు అని గుండ్రంగా రాస్తారు. 22.9 కిలోల పెట్టె కిలోల కాటా మీద నెగ్గుతుంది, పౌండ్ల కాటా మీద 50.5 చూపించి ఓడుతుంది. రెండుచోట్లా గట్టెక్కాలంటే 22.6 కిలోలు దాటనివ్వకండి. ఇలాంటి హద్దు తూకాలను పట్టికలో రౌండ్ చేయకూడదు, కింది అంకెకే కుదించాలి.

చిన్నకాటా:
వంటింటి వరుస గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఆ 25, 28, 30 గొడవంతా అక్కడిదే. గ్రాముల్లో గుండ్రటి అంకెలు రావాలని కొన్ని వంట పుస్తకాలు ఔన్సును 25 గ్రాములుగా కట్టాయి, కొన్ని 30గా కట్టాయి. అమెరికాలో పోషకాల లేబుల్‌కు 28 వాడతారు. ఒక్క ఔన్సు దగ్గర తేడా కనిపించదు. పౌండు దాకా పోతే కనిపిస్తుంది: 25 చొప్పున 16 ఔన్సులకు 400 గ్రాములే అయ్యాయి, 30 చొప్పున 480. అసలు పౌండు 453.6.

పిండి, వెన్న, చక్కెర అన్నీ ఒకే అంకెతో, 25తో, మారిస్తే పాళ్లు చెడవు, మొత్తమే 12 శాతం తగ్గుతుంది. కానీ గుడ్లను అలా తగ్గించలేం కదా, అందుకే పిండిముద్ద పలచబడుతుంది, గిన్నె కూడా పెద్దదైపోతుంది. అంతకన్నా చెడ్డది, పిండిని ఒక పట్టిక చూసి 25తో, చక్కెరను ఇంకో పట్టిక చూసి 30తో మార్చడం. అప్పుడు రెండింటి మధ్య పాళ్లే 20 శాతం మారిపోతాయి, వంటకం పాడవుతుంది. వంటకం రాసినవాళ్లు గ్రాములు కూడా ఇచ్చి ఉంటే ఆ గ్రాములనే తూచండి, మళ్లీ మార్చకండి.

ఎలక్ట్రానిక్ కాటాను ఔన్సుల్లో పెట్టి చిన్న తూకాలు తూయవద్దు. గ్రాముల్లో ఒక్కో మెట్టు 1 గ్రాము ఉన్న కాటాయే ఔన్సుల్లోకి మారగానే 0.1 ఔన్సు మెట్టు చూపిస్తుంటుంది, అంటే 2.8 గ్రాములు. తెర మీద 0.1 ఉందంటే లోపల ఒకటిన్నర గ్రాములూ ఉండవచ్చు, నాలుగు గ్రాములూ ఉండవచ్చు. ఈస్ట్, ఉప్పు లాంటివి అలా తూస్తే ప్రతిసారీ ఒక్కో ఫలితం వస్తుంది. గ్రాముల్లో తూచి కాగితం మీద మార్చుకోండి.

ఇంకొకటి, పౌండ్ల మోడ్‌లు రెండు రకాలు. ఒకే తూకాన్ని ఒక మోడ్ 2:3.5 అని చూపిస్తుంది, అంటే 2 పౌండ్ల మూడున్నర ఔన్సులు. ఇంకో మోడ్ 2.22 అని చూపిస్తుంది, అంటే దశాంశ పౌండ్లు. ఏ మోడ్‌లో ఉందో తెలియకపోతే ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి, గ్రాముల్లో సరిగ్గా 1000 వచ్చేదాకా నీళ్లు పోయండి. తర్వాత బటన్ నొక్కండి. 2:3.3 దగ్గర చూపిస్తే పౌండ్లు-ఔన్సులు, 2.20 దగ్గర చూపిస్తే దశాంశం.

ఫ్లూయిడ్ ఔన్సును ఈ పట్టికలోకి రానివ్వకండి. అది పరిమాణం, బరువు కాదు. పైగా అమెరికాది 29.57 మిల్లీలీటర్లు, బ్రిటన్‌ది 28.41. అమెరికా ఫ్లూయిడ్ ఔన్సు నూనె సుమారు 27 గ్రాములు తూగితే, అంతే తేనె 42 గ్రాముల దాకా తూగుతుంది.

నిలువుతూకం:
పైవాళ్లు చెప్పినదానికి పెద్ద తూకాలు చేరుస్తున్నాను. పౌండు, ఔన్సు అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఒకటే. పైకి వెళ్లేకొద్దీ దారులు వేరవుతాయి. హండ్రెడ్‌వెయిట్ అంటే బ్రిటన్ లెక్కలో 112 పౌండ్లు (50.8 కిలోలు), అమెరికా లెక్కలో 100 పౌండ్లు (45.36 కిలోలు). టన్ను అయితే మూడు రకాలు: అమెరికాది 2000 పౌండ్లు, అంటే 907.18 కిలోలు, బ్రిటన్ పాతది 2240 పౌండ్లు, 1016.05 కిలోలు, మెట్రిక్‌ది 1000 కిలోలు. కాగితం మీద ఉత్త "టన్ను" అని ఉంటే ఏదో తేల్చుకోకుండా మార్చవద్దు.

బంగారం, వెండి తూచే ట్రాయ్ ఔన్సు వేరే. అది 31.1035 గ్రాములు, మామూలు ఔన్సు కంటే దాదాపు పదోవంతు ఎక్కువ. దానికి ప్రత్యేకంగా ఒక వరుస పెట్టండి, మామూలు ఔన్సుతో కలపకండి.

శరీర బరువును బట్టి మోతాదు వేసే మందుల దగ్గర పట్టిక వాడనే వద్దు. బరువు కిలోల్లోనే తూచి, కిలోల్లోనే రాసి, కిలోల్లోనే చెప్పాలి. పౌండ్ల అంకె కిలోల గడిలో పడితే మోతాదు రెండు రెట్లు దాటుతుంది. అంకె పక్కన కొలత పేరు లేకపోతే ఎంత ప్రమాదమో 1983 జూలైలో ఎయిర్ కెనడా 143వ విమానం చూపించింది. కావలసిన ఇంధనం 22,300 కిలోలు. లీటరు బరువుగా లెక్కలో వేసిన అంకె 1.77, అది పౌండ్లది. కిలోల్లో సుమారు 0.8 వేయాలి. సగం కంటే తక్కువ ఇంధనంతో బయలుదేరిన విమానానికి గాలిలోనే రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. పైలట్లు దాన్ని గిమ్లీ దగ్గర పాత రన్‌వే మీద దించగలిగారు, అందరూ బతికారు. కాబట్టి మీ పట్టికలో ప్రతి గడిలోనూ కొలత పేరు రాయండి, వరుస తలమీద మాత్రమే రాసి వదిలేయకండి.

ముల్లుసూటి:
అందరికీ కృతజ్ఞతలు. పట్టికలో గ్రాములకూ పౌండ్లకూ మధ్య "మొత్తం ఔన్సులు" అనే వరుస కొత్తగా చేరుస్తున్నాను, రౌండింగ్ అక్కడే. ఇంకొక్క సందేహం. వారం వారం బరువు రాసుకునేవాళ్లకు తగ్గిన బరువు కూడా పౌండ్లలో చూపించాలి. పౌండ్ల వరుసలో పైదాన్నుంచి కిందిది తీసేస్తే సరిపోతుందా?

శేషమెంత:
సరిపోదు. 72.0 కిలోలు 159 పౌండ్లుగా, 70.9 కిలోలు 156 పౌండ్లుగా రౌండ్ అవుతాయి. తీసేస్తే 3 పౌండ్లు తగ్గినట్టు కనిపిస్తుంది. అసలు తగ్గింది 1.1 కిలోలు, అంటే 2.43 పౌండ్లు, రౌండ్ చేస్తే 2. తీసివేత కిలోల వరుసలో చేసి, వచ్చిన తేడాను విడిగా మార్చండి. అప్పుడు తేడా వరుస పక్కనున్న పౌండ్ల వరుసతో ఒక్కోసారి ఒక పౌండు అటూ ఇటూ ఉంటుంది, దాన్ని సరిదిద్దబోకండి. ఇబ్బందిగా అనిపిస్తే రెండు వరుసల్లోనూ ఒక దశాంశం ఉంచండి: 158.7, 156.3, తేడా 2.4.