మాజీ మాజీ తిరుగుబాటులోని ‘నీళ్ల’ను పిల్లలకు ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. నేటి టాంజానియాలో 1905లో జర్మన్ పాలనపై లేచిన మాజీ మాజీ తిరుగుబాటు గురించి తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పబోతున్నాను. (మాజీ అనగానే మాజీ మంత్రులు గుర్తొస్తారని తెలుసు. స్వాహిలీలో ఆ మాటకు నీళ్లని అర్థం.)

కారణాలు చెప్పడం తేలికే. బలవంతపు పత్తి సాగు, వెట్టిచాకిరీ, పన్నులు. మతుంబి కొండల్లో జనం ఆ పత్తి మొక్కలనే పీకి పారేసి పోరు మొదలుపెట్టారు. చిక్కంతా నీళ్ల దగ్గరే. కింజికిటిలే న్గ్వాలే అనే ప్రవక్త ఇచ్చిన నీళ్లతో తూటాలు కూడా నీళ్లైపోతాయని జనం నమ్మారు. ఆయన్ను తొలి రోజుల్లోనే ఉరితీశారు. మహెంగే కోట ముందు మెషిన్‌గన్లకు ఎదురువెళ్లి ఎందరో కూలిపోయారు.

ఇది విని పిల్లలు నవ్వేస్తారేమోనని నా భయం. కానీ వేర్వేరు భాషల జనాన్ని ఒక్క తాటిపైకి తెచ్చింది ఆ నీళ్లే కదా! నాకైతే అదే అసలు కథ. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకుండా, అలాగని మహిమగా చూపకుండా చెప్పడమెలా?

మరొకటి, ఆ నీళ్లను తెలుగులో ఏమనాలి? తీర్థమంటే గుడి గుర్తొస్తుంది, మంత్రజలమంటే జానపద సినిమా. అక్కడివారు ‘దావా’, అంటే మందు అన్నారు. మనకేమో దావా అంటే కోర్టు!

మృతుల సంఖ్య కూడా తేలడం లేదు. జర్మన్ల లెక్క 75,000. పంటలు తగలబెట్టడంతో వచ్చిన కరువునూ కలిపి 3 లక్షల దాకా అంటారు కొందరు చరిత్రకారులు. మీరైతే ఏది చెబుతారు?