ఫీల్డ్‌లో ఉన్న నోడ్ల ఛానల్ దూరం నుంచే మార్చాలి, ఎవరైనా చేశారా?

మెష్_మాధవి
కొండవాలులో నేల కదలికలు కొలిచే నోడ్లు (రేడియో ఉన్న చిన్న సెన్సర్ పెట్టెలు) పెట్టాం. 802.15.4 మెష్ (నోడ్లు ఒకదాని ద్వారా ఒకటి సందేశాలు అందించుకునే తక్కువ పవర్ రేడియో నెట్‌వర్క్), ఛానల్ 18. ఈమధ్య దగ్గర్లో వైఫై వచ్చింది, అది వైఫై ఛానల్ 6 మీద ఉంది, నంబరు వేరైనా ఫ్రీక్వెన్సీ మా దాని మీదే పడుతోంది. అప్పట్నుంచి ప్యాకెట్లు తెగ పోతున్నాయి. కొన్ని నోడ్ల దగ్గరికి తాడు పట్టుకుని దిగాలి. వాన మొదలైతే అదీ కుదరదు. రేడియోలోనే ఆదేశం పంపి మార్చాలంటే భయంగా ఉంది. ఒక్కటి తప్పిపోయినా మళ్లీ దొరకదు కదా?

గేట్‌వే_గిరి
25 గానీ 26 గానీ చూడండి. వైఫై 1, 6, 11ల్లో ఏది వాడినా ఈ రెండూ బయటే ఉంటాయి. అయితే కొన్ని మాడ్యూళ్లలో 26 మీద పవర్ తగ్గించి ఉంటుంది, డేటాషీట్ చూశాకే ఖాయం చేయండి. ఇక మార్చే విధానం. ఒక్కో నోడ్‌నీ విడిగా మార్చొద్దు. మధ్యలోది ముందు మారితే దాని వెనకున్నవన్నీ తెగిపోతాయి. ఫలానా సమయానికి మారమని అన్నిటికీ ముందే చెప్పి, అందినట్టు ప్రతి నోడ్ నుంచీ జవాబు వచ్చాకే ముందుకెళ్లండి. ఒక్కటి పలక్కపోయినా ఆపేయండి.

నిద్ర_మోడ్
ఆ సమయం మరీ దూరం పెట్టకండి. నోడ్ గడియారాన్ని నడిపే 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతుల తేడా) క్రిస్టల్ రోజుకి దాదాపు 1.7 సెకన్లు తప్పుతుంది, ఎండకీ చలికీ ఇంకా మారుతుంది.

గేట్‌వే_గిరి
నిజమే. అసలు ప్రాణం మాత్రం వెనక్కి రావడంలో ఉంది. కొత్త ఛానల్‌ని ఫ్లాష్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) వెంటనే రాసేయకూడదు. ముందు ర్యామ్‌లోనే (రీసెట్ అయితే చెరిగిపోయే మెమరీలో) పెట్టుకుని వాడాలి. కొత్త ఛానల్‌లో గేట్‌వే (నోడ్ల డేటా అంతా చేరే పెట్టె) మాట వినబడితేనే ఫ్లాష్‌లోకి ఎక్కాలి. గడువులోగా వినబడకపోతే నోడ్ తనంతట తాను పాత ఛానల్‌కి వచ్చేయాలి. ఇలా ఉంటే మధ్యలో వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ బిగుసుకుపోతే నోడ్‌ని మళ్లీ మొదలుపెట్టే టైమర్) రీసెట్ కొట్టినా పాత చోటే లేస్తుంది. గేట్‌వేకి రెండో రేడియో తగిలించి పాత ఛానల్ మీద వదిలేస్తే, వెనకబడ్డవి అక్కడ దొరుకుతాయి.

మెష్_మాధవి
దారి తప్పిన నోడ్ ఆపకుండా వింటూ కూర్చుంటే బ్యాటరీ?

నిద్ర_మోడ్
అక్కడే చాలా నోడ్లు చనిపోతాయండీ. వినడం చవకని చాలామంది అనుకుంటారు. సీసీ2420 రేడియోనే తీసుకోండి: పంపడానికి గరిష్ఠంగా 17.4 మిల్లీయాంప్‌లు, వినడానికి 18.8. అందుకని కాసేపు విని పడుకోవాలి. దొరక్కపోతే నిద్ర రెట్టింపు చేస్తూ పోవాలి, దానికీ ఒక పరిమితి పెట్టి. లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్ అయితే వోల్టేజీ చూసి ధైర్యపడొద్దు. చివరిదాకా 3.6 వోల్టుల దగ్గరే కనబడి ఒక్కసారిగా పడిపోతుంది.

మెష్_మాధవి
మావీ అవే సెల్స్. వెనక్కొచ్చే కోడ్ ఇప్పుడున్న ఫర్మ్‌వేర్‌లో (నోడ్‌లో నడిచే ప్రోగ్రామ్‌లో) లేదు. అంటే ముందు ఫర్మ్‌వేరే పంపాలన్నమాట.

గేట్‌వే_గిరి
అవును, అది పాత ఛానల్‌లోనే, వైఫై వాడకం తగ్గే అర్ధరాత్రి వేళ పంపండి. ఫ్రేమ్ (ఒకసారికి పంపే ప్యాకెట్) మొత్తం 127 బైట్లే కాబట్టి ముక్కలు చాలా అవుతాయి, ఆలస్యమైనా కంగారుపడకండి. పాత ఫర్మ్‌వేర్ కాపీని మెమరీలోని రెండో స్లాట్‌లో అలాగే ఉంచండి. మొదట చేతికి అందే నోడ్ మీద పెట్టి, ఛానల్ మారమని చెప్పి, గేట్‌వే కరెంటు తీసేసి చూడండి. ఆ నోడ్ పాత ఛానల్‌కి తిరిగొస్తేనే వాలు మీదున్న వాటికి పంపండి.