దెబ్బతిన్న విమానాన్ని బాగుచేయాలా, వదిలేయాలా?

రేణిగుంట వాసి: ప్రమాదానికి గురైన విమానం ఇక మరమ్మతుకు పనికిరాదని ఎవరు, ఏ లెక్కన తేలుస్తారు? అందులో బాగున్న భాగాలు, ప్రయాణికుల సామాను ఏమవుతాయి? 2020లో కోళిక్కోడ్‌లో రన్‌వే దాటి లోయలో పడి విరిగిన విమానం గురించి చదివినప్పటి నుంచి ఈ సందేహం తీరలేదు.

చిత్తూరు లారీ యజమాని: తేల్చేది బీమావాళ్ళే. భాకరాపేట ఘాట్‌లో నా లారీ బోల్తా పడినప్పుడు, ఇంజను చెక్కుచెదరకపోయినా, మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటిందని మొత్తం నష్టం కింద రాసేశారు. ఆ సొమ్ముతో అలాంటి బండి మళ్ళీ కొనలేకపోయాను. విమానాల వారికీ ఇదే అన్యాయం జరుగుతూ ఉండాలి.

బీమా సర్వేయరు, తిరుపతి: మీ బాధ అర్థమైంది గానీ, విమానాల పద్ధతి వేరు. సాధారణంగా పాలసీ తీసుకునేటప్పుడే ఇరుపక్షాలూ ఒక విలువకు ఒప్పుకుంటాయి. మొత్తం నష్టమైతే అదే చెల్లిస్తారు. మరమ్మతు ఖర్చును ఆ విలువతోనే పోలుస్తారు. అందుకే విలువ తగ్గిన పాత విమానం ఓ మోస్తరు దెబ్బకే మూలన పడుతుంది, కొత్తది పెద్ద దెబ్బ తిన్నా మళ్ళీ ఎగురుతుంది. 2010 నవంబరు 4న ఇంజను పేలి రెక్క చిల్లులుపడిన ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ వారి ఏ380 విమానాన్ని సుమారు 13.9 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లతో బాగుచేసి, 2012లో మళ్ళీ నడిపారు.

పీలేరు విద్యార్థి: అతుకులు వేసిన విమానంలో జనాన్ని ఎక్కించడమే తప్పు. జపాన్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 747 విమానం తోక 1978లో నేలకు రాసుకుంది. ఆ మరమ్మతు సరిగా చేయకపోవడంతో 1985 ఆగస్టు 12న వెనుక పీడన గోడ (లోపలి గాలి ఒత్తిడిని నిలిపే తోక వైపు గోడ) బద్దలై 520 మంది చనిపోయారు.

విశ్రాంత విమాన ఇంజనీరు, తిరుచానూరు: నా ఉద్యోగమంతా విమానాలు బాగుచేసే షెడ్లలో, అంటే హ్యాంగర్లలోనే గడిచింది కాబట్టి చెబుతున్నాను, పుస్తకాలు తిరగేసి ఇలా భయపెట్టకండి. అక్కడ ఒకే పలక వేయవలసిన చోట రెండు ముక్కలు వేశారు. తప్పు ఆ పనిది, మరమ్మతు చేయాలన్న నిర్ణయానిది కాదు. 1983లో ఇంధనం అయిపోయి కెనడాలోని గిమ్లీలో దిగిన బోయింగ్ 767 బాగుపడి 2008 వరకు ఎగిరింది.

పీలేరు విద్యార్థి: మరి 2002లో గాలిలోనే విడిపోయిన చైనా ఎయిర్‌లైన్స్ 747 సంగతేమిటి? 1980లో దెబ్బతిన్న రేకును తీసేయకుండా, దాని మీదే మరో రేకు బిగించారు. 225 ప్రాణాలు పోయాయి. హ్యాంగర్లలో ఉన్నవారే ఆ పని చేశారు సార్.

విశ్రాంత విమాన ఇంజనీరు, తిరుచానూరు: కొందరి నిర్లక్ష్యానికి వృత్తి మొత్తాన్ని నిందించడం న్యాయం కాదు. మాట అదుపులో పెట్టుకో నాయనా.

మదనపల్లె గృహిణి: మీరిద్దరూ విమానం గురించే వాదించుకుంటున్నారు. మా తమ్ముడు గల్ఫ్‌లో పనిచేస్తున్నాడు; దుబాయి నుంచి వచ్చి 2010లో మంగళూరులో కాలిపోయిన విమానంలో 158 మంది పోయారని తలచుకుంటే ఇప్పటికీ నాకు వణుకు వస్తుంది. 2024లో టోక్యోలోని హనేడా విమానాశ్రయంలో ఏ350 విమానం పూర్తిగా కాలిపోయినా, అందులోని 379 మందీ బయటపడ్డారు. విమానం పోతే పోనివ్వండి.

బీమా సర్వేయరు, తిరుపతి: రేణిగుంట వారు అడిగిన భాగాల సంగతి మరుగున పడింది. పరిహారం చెల్లించాక శిథిలాన్ని సాధారణంగా బీమా కంపెనీలే తీసుకుని అమ్ముతారు. అయితే ప్రమాదంలో నుంచి తీసిన భాగాన్ని అర్హత ఉన్న సంస్థ పరీక్షించి, వాడవచ్చని ధ్రువపత్రం ఇచ్చేవరకు మరో విమానానికి బిగించకూడదు.